ఏం కావాలో అడిగావా?

ప్రతి నెలా మొదటి ఆదివారం, పొద్దున్న ఆరున్నరకల్లా నా ఫోన్ టింగుమంటుంది. నాన్న వాట్సాప్. ఒక పీడీఎఫ్, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. అంతే. ‘ఎలా ఉన్నావ్’ లేదు, ‘తిన్నావా’ లేదు. అవన్నీ అమ్మ డిపార్ట్‌మెంట్.

ఆ పీడీఎఫ్ మా ఊరి రోటరీ క్లబ్బు బులెటిన్. మా ఊరంటే విజయవాడ నుంచి బస్సులో గంటన్నర. అక్కడ నాన్నకి ఎరువుల కొట్టు ఉంది. ఇరవై రెండేళ్లుగా క్లబ్బుకి ఆయనే ట్రెజరర్. ప్రతి జులై ఒకటిన ప్రెసిడెంట్ మారతాడు, సెక్రటరీ మారతాడు. ట్రెజరర్ మాత్రం మారడు. లెక్కలు రాసే పని ఎవరికి కావాలి చెప్పండి!

బులెటిన్‌లో వార్తలు ఎలా ఉంటాయంటే... కంటి శిబిరంలో 63 మందికి పరీక్షలు. హైస్కూల్లో మంచినీళ్ల ఫిల్టరుకి రిపేరు. ఫలానా వారి పెళ్లిరోజు శుభాకాంక్షలు. గవర్నర్ గారి రాక (రాష్ట్ర గవర్నర్ కాదు, రోటరీ జిల్లాకి ఉండే గవర్నర్. చిన్నప్పుడు నిజం గవర్నరే వస్తున్నాడనుకుని స్కూల్లో గొప్పలు చెప్పుకున్నాను). ఇక ఫొటోలు. ఒకే ఒక్క కుట్టుమిషన్, దాని చుట్టూ పదకొండు మంది మగాళ్లు. ఆ మిషన్ తీసుకుంటున్న ఆవిడ ఎక్కడో అంచున, ఒక చెవి మాత్రం కనపడుతూ.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఫొటోలని ఫ్రెండ్స్‌కి చూపించి తెగ నవ్వాను. తర్వాత నాన్న చాట్‌ని మ్యూట్‌లో పెట్టేశాను. అవును, కన్నతండ్రినే. మీరేమీ అంత ఆశ్చర్యపోకండి. మీ ఫోన్లో ‘ఫ్యామిలీ’ అనే గ్రూపు ఏ స్థితిలో ఉందో నాకు తెలుసు.

ఆ మ్యూట్ ఎందుకు తీశానో ఈ వారం చెప్తాను.

బుడమేరు వారం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగిపోయింది. అదే రోజు ఖమ్మంలో మున్నేరు. నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని వీడియోల మీద వీడియోలు చూస్తున్నాను. మేడ మీద నుంచి చేతులూపుతున్న జనం, పడవలు, డ్రోన్లతో అన్నం పొట్లాలు. అవి మా పిన్ని వాళ్లు ఉండే వీధులకి దగ్గరే. కూర్చోలేకపోయాను.

ఏదో ఒకటి చెయ్యాలి కదా? ఇన్‌స్టాలో ఓ పోస్టు పెట్టాను. ‘మీ దగ్గర ఉన్న పాత బట్టలు ఇవ్వండి, విజయవాడ చేరుస్తాను’ అని. చెప్పొద్దూ, పోస్టు అదరగొట్టింది. రెండు రోజుల్లో మా అపార్ట్‌మెంట్ లాబీ నిండిపోయింది. 41 సంచులు. నాకైతే కళ్లనీళ్లు తిరిగాయి. మనుషులు ఎంత మంచివాళ్లు అనుకున్నాను.

ఆ సంతోషంతో నాన్నకి ఫోన్ చేశాను. ఆయన అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఏం కావాలో అడిగావా, అమ్మలూ?”

“ఎవర్ని నాన్నా?”

“అదే, ఆ నీళ్లలో ఉన్నవాళ్లని.”

ఒళ్లు మండిపోయింది. మేమంతా పరుగులు పెట్టి పోగేస్తుంటే ఈయన కూర్చుని ప్రశ్నలు వేస్తున్నాడు, కుట్టుమిషన్ క్లబ్బు బుద్ధులు ఎక్కడికి పోతాయి అనుకున్నాను. అన్నాను కూడా. ఆయన “సరే, చవితికి వస్తావుగా, తీసుకురా చూద్దాం” అని పెట్టేశాడు.

చవితి ఆ శనివారమే. ఫ్రెండ్ వాళ్ల వ్యాన్‌లో సంచులన్నీ వేసుకుని ఊరికి వెళ్లాను. క్లబ్బు వాళ్లకి ఓ హాలుంది, సిమెంటు రేకులది. అక్కడ సంచులు విప్పాం. అమ్మ, ఇంకో ముగ్గురు ఆంటీలు, నేను.

సంచుల్లో ఏమొచ్చాయో వినండి. జిప్పు పోయిన జీన్సులు. అద్దాలు కుట్టిన లెహంగా. ఒక బ్లేజరు. చలికోటు (సెప్టెంబరులో, విజయవాడలో!). ఒంటి కాలి బూట్లు మూడు. ఎవరిదో కంపెనీ టీషర్టు, చంకలో చిరుగు. ఉతకని దుప్పటి. ఓ సంచిలో అయితే పాత పరీక్ష పేపర్లు కూడా ఉన్నాయి. ఇచ్చినవాళ్లు బీరువా ఖాళీ చేసుకున్నారు, ఇచ్చామన్న తృప్తి పొందారు. నేను లైకులు పొందాను. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఏరితే, మనం కట్టుకోగలం అనిపించినవి ఆరు సంచులు. ఆరే.

అమ్మ ఏమీ అనలేదు. లెహంగాని మడత పెట్టి పక్కన పెడుతూ, “వాళ్ల ఇంట్లోకి నీళ్లొచ్చాయి గానీ, వాళ్లు ముష్టివాళ్లు కాదే” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

పక్క గదిలో నాన్న వాళ్ల సరుకు ఉంది. నేను పోస్టు పెట్టిన రోజునే నాన్న సింగ్‌నగర్‌లో ఉన్న ఓ పాత కస్టమరుకి ఫోన్ చేశాడట. ఆయన పక్కింటివాళ్లని అడిగి, వాళ్లు ఇంకొకళ్లని అడిగి, రాత్రికి ఒక జాబితా వచ్చింది. బిస్కెట్లు వద్దు, చాలా వస్తున్నాయి. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు. పాలపొడి. శానిటరీ ప్యాడ్లు. లోదుస్తులు, కొత్తవి, సైజులతో సహా. బ్లీచింగ్ పౌడరు. చీపుళ్లు, నీళ్లు తోసే వైపర్లు, పారలు. ‘నీళ్లు తీశాక బురద ఉంటుంది సార్, అప్పుడు ఎవరూ రారు’ అని రాశాడట ఆ కస్టమరు.

ఎవరూ రారు. ఆ ముక్క కిందే నాన్న గీత గీశాడు. మా క్లబ్బు వ్యాన్ మొదటి రోజు వెళ్లలేదు. మరుసటి రోజు ఆదివారం వెళ్లింది, వైపర్లతో. నేనూ ఎక్కాను.

నేనక్కడ చూసింది ఏమిటంటే, నీళ్లు తగ్గిన ఇంట్లో మోకాళ్ల దాకా గోడకి చార. ఫ్రిజ్ పడిపోయి ఉంది. పిల్లల పుస్తకాలు ఉబ్బి అట్టలు విడిపోయాయి. ఒకావిడ నా చేతిలోంచి ఏం తీసుకుందో తెలుసా? చీపురు. చీపురు తీసుకుని, “హమ్మయ్య” అంది. ప్యాడ్ల కవరు ఇస్తే, చుట్టూ చూసి కొంగులో దాచుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. ఆ ‘హమ్మయ్య’కి నా 41 సంచులు సరిపోవు.

పచ్చ పెట్టె

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో నాన్న మామూలుగా మాట్లాడడు. ఆ రోజు మాట్లాడాడు. 2001 జనవరి 26 గుర్తుందా అన్నాడు. నాకెలా గుర్తుంటుంది? గుజరాత్ భూకంపం. గణతంత్ర దినం పొద్దున్న, కచ్‌లో భుజ్, అంజార్, భచావు లాంటి ఊళ్లు నేలమట్టం అయ్యాయి. సుమారు 20 వేల మంది పోయారు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో మరీ చివరన, కార్న్‌వాల్ అనే చోట, హెల్‌స్టన్ అని ఓ చిన్న ఊరు. అక్కడి రోటరీ క్లబ్బు వాళ్లు 2000లో ఒక ఆలోచన చేశారు. విపత్తు వచ్చినప్పుడు అందరూ అన్నం, మందుల గురించి ఆలోచిస్తారు. మరి ఇల్లు పోయినవాళ్లు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? అందుకని ఒక గట్టి పెట్టెలో టెంటు, దుప్పట్లు, వంట గిన్నెలు, నీళ్లు శుభ్రం చేసే సామాను, పనిముట్లు సర్ది పెట్టారు. ఒక కుటుంబం దాని మీద కొన్నాళ్లు నిలబడాలి, అదీ లెక్క. పేరు షెల్టర్‌బాక్స్.

వాళ్ల మొట్టమొదటి పెట్టెలు ఎక్కడికి వెళ్లాయో ఊహించండి. మన గుజరాత్‌కే. 143 పెట్టెలు. ఏదో చిన్న ఊరి క్లబ్బు ప్రాజెక్టుగా మొదలైన ఆ పని తర్వాత పెద్ద సంస్థ అయింది. హైతీ, నేపాల్, సిరియా... భూకంపం, తుపాను, యుద్ధం ఎక్కడ ఇళ్లు కూల్చినా వాళ్ల పెట్టెలు, టెంట్లు వెళ్తుంటాయి. ఇంకో మాట. అన్ని చోట్లకీ ఒకే పెట్టె పంపరు. చలి దేశానికి వేరే, వానల చోటికి వేరే. గోడలు నిలబడి కప్పు ఎగిరిపోయిన చోట టెంటు ఎందుకు? అక్కడికి టార్పాలిన్లు, తాళ్లు, మేకులు, సుత్తి.

“అంటే, వాళ్లూ అడిగే పంపుతారు” అన్నాడు నాన్న. అంతకుమించి పాఠం చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

మీ ఎడమ చిటికెన వేలు చూసుకోండి

ఇంటికొచ్చాక ఆ రాత్రి పాత బులెటిన్లు అన్నీ తీశాను. నిజం చెప్తున్నా, మొదటిసారి చదివాను.

మీలో 1995 తర్వాత పుట్టినవాళ్లకి ఓ ప్రశ్న. చిన్నప్పుడు ఓ ఆదివారం అంగన్‌వాడీకో బస్‌స్టాండుకో తీసుకెళ్లి నోట్లో రెండు చుక్కలు వేసి, ఎడమ చిటికెన వేలి గోరు మీద మార్కరుతో నల్లగా గీసేవారు. గుర్తుందా? నా గోరు మీద గీసింది నాన్నే. పల్స్ పోలియో రోజున ఆయన కొట్టు మూసేసి కేంద్రం దగ్గర కూర్చునేవాడు. టీకా వేసేది నర్సమ్మ, ఆశా వర్కరు. క్లబ్బు వాళ్ల పని వాళ్లకి టిఫిన్లు తేవడం, షామియానా వేయడం, ఆటోలో మైకు పెట్టి తిరగడం, ఐసు ప్యాకులు కరిగిపోతే మళ్లీ తెచ్చి టీకా పెట్టెలో పెట్టడం, గోళ్ల మీద గీత గీయడం. మందు సీసా మీద ఓ చిన్న వలయం, అందులో చదరం ఉంటుంది. ఎండకి మందు పాడైతే ఆ చదరం నల్లబడుతుంది. అది చూసుకోవాలని ఓ బులెటిన్‌లో పెద్దక్షరాల్లో రాసి ఉంది. గొప్ప వార్తేం కాదు కదా? కానీ ఆ చదరం చూడకపోతే, వేసినవి ఉత్తి చుక్కలే.

ఇప్పుడు ఆ చుక్కల వెనక కథ. రోటరీ వాళ్లు పోలియో మీద మొదట పని చేసింది 1979లో, ఫిలిప్పీన్స్‌లో. 1985లో పోలియోప్లస్ అని ప్రపంచం మొత్తానికి మొదలుపెట్టారు. 12 కోట్ల డాలర్లు పోగెయ్యాలనుకుంటే 1988 నాటికి 24.7 కోట్లు వచ్చాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా సీడీసీ, రోటరీ కలిసి పోలియో నిర్మూలనకి దిగాయి. అప్పటికి 125కి పైగా దేశాల్లో ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలకి పోలియో వచ్చేది.

మన దేశం అన్నిటికంటే కష్టం అన్నారు. ఇంత జనం, ఇన్ని వలసలు, ఇంత వేడి. 2009లో మన దగ్గర 741 కేసులు. 2010లో 42. 2011లో ఒక్కటి. ఆ ఒక్కటీ జనవరి 13న, బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. ఆ తర్వాత అడవి రకం పోలియో మన దేశంలో ఏ బిడ్డకీ సోకలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇక మిగిలినవి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్. అక్కడ టీకా వేసే ఆడవాళ్లు పోలీసు కాపలాతో వెళ్తున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా వెళ్తున్నారు.

మా క్లబ్బు లెక్కల పుస్తకంలో ఏటా ఓ పద్దు ఉంటుంది, ‘పోలియో నిధి’ అని. పెద్ద మొత్తమేం కాదు. అది ఏ కరాచీ సందులోనో ఏ పాప నోట్లోనో రెండు చుక్కలై పడి ఉంటుంది. మన పిల్లల చుక్కల కోసం ఏ అమెరికా ఊరి వాళ్లో పాన్‌కేకులు అమ్మి డబ్బు పోగేసినట్టే. కంటి శిబిరం, కుట్టుమిషన్, కరాచీ పాప... నేను ఇవన్నీ వేరే వేరే అనుకున్నాను. పేజీలు తిప్పితే తెలిసింది, అదే చెయ్యి, అదే లెక్కల పుస్తకం.

డబ్బు నడిచే దారి కూడా చిత్రంగానే ఉంటుంది. రోటరీ ఫౌండేషన్‌కి మొదటి చందా ఎంతో తెలుసా? 26 డాలర్ల 50 సెంట్లు. అమెరికాలో కాన్సస్ సిటీ క్లబ్బు ఇచ్చింది, వందేళ్ల కిందట. ఇప్పుడు వాళ్ల పెద్ద గ్రాంటు కావాలంటే ఓ నియమం ఉంది. ఒక్క దేశం క్లబ్బుకి ఇవ్వరు. పని జరిగే ఊరి క్లబ్బూ, వేరే దేశం క్లబ్బూ చేతులు కలపాలి. ఈ ఊరికి ఏం కావాలో ముందు కనుక్కుని రాసి పంపాలి కూడా. ఈసారి ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ మీద 24 పళ్ల చక్రం గుర్తు కనిపిస్తే కింద చదవండి. మన ఊరి పేరు పక్కన, పలకడానికి నోరు తిరగని ఊరి పేరు ఒకటి ఉండొచ్చు.

అమ్మకి ఓ పేరుంది

అంతా బాగుందని చెప్పడానికి నేను ఈ కాలమ్ రాయట్లేదు. శాలువాలు, ఫ్లెక్సీలు, గంటసేపు పరిచయాలు, ఇవన్నీ నిజం. ఇంకోటి కూడా నిజం. మన దేశంలో చాలా క్లబ్బుల్లో సభ్యుల భార్యల్ని ‘ఆన్’ అని పిలుస్తారు, పిల్లల్ని ‘ఆనెట్’ అని. అమ్మ ఇరవై రెండేళ్లు ‘ఆన్’. పొట్లాలు కట్టింది, జాబితాలు రాసింది, 63 మందికి కంటి శిబిరంలో ఉప్మా వండింది. బులెటిన్‌లో ఆమె పేరు వచ్చింది పెళ్లిరోజున, అదీ నాన్న పేరు పక్కన.

1905లో చికాగోలో రోటరీ మొదలైతే, ఆడవాళ్లని సభ్యులుగా అనుమతిస్తూ నియమం మార్చింది 1989లో. అదీ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు తర్వాత. ప్రపంచ అధ్యక్ష పదవిలో తొలి మహిళ, కెనడాకి చెందిన జెన్నిఫర్ జోన్స్, కూర్చుంది 2022లో. 117 ఏళ్లు పట్టింది. మా ఊరికి ఇంకాస్త ఎక్కువే పడుతుందనుకున్నాను.

మొన్న జూన్‌లో విషయం ముదిరింది. ఒకప్పుడు 42 మంది ఉన్న క్లబ్బులో 17 మంది మిగిలారు. అందరికీ అరవై దాటాయి. పిల్లలు బెంగళూరు, డాలస్, మెల్‌బోర్న్. జులై ఒకటి వస్తోంది, ప్రెసిడెంట్‌గా నిలబడేవాళ్లు లేరు. నాన్నకి మోకాళ్లు. “ఇక మూసేద్దాం. చార్టర్ తిరిగి ఇచ్చేద్దాం” అని ఒకాయన అన్నాడు. హాల్లో గోడ మీద ఫ్రేము కట్టి ఉంటుంది ఆ చార్టర్. నాన్న దాని వంక చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక కుర్చీలో ఉన్నాను, ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. వైపర్లు, టీకా పెట్టె, సింగ్‌నగర్ జాబితా, అన్నీ ఆ ఫ్రేముతో పాటు దింపేస్తారన్నమాట. రేపు ఇంకో బుడమేరు వస్తే ఆ కస్టమరు ఎవరికి ఫోన్ చేస్తాడు?

టీలు ఇస్తున్న అమ్మ ట్రే కింద పెట్టింది.

“నేనుంటాను” అంది.

“ఎక్కడ?” అన్నాడు నాన్న, నిజంగానే అర్థం కాక.

“ప్రెసిడెంట్‌గానండీ.”

కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకాయన గొంతు సవరించుకుని, “ముందు మెంబరు కావాలి కదమ్మా” అన్నాడు. “ఫారం ఇవ్వండి. నాతో పాటు ఇంకో నలుగురికి కూడా” అంది అమ్మ. ఆ మిగతా ముగ్గురు ఆంటీలు అప్పటికే పెన్ను కోసం వెతుకుతున్నారు. నాలుగోది ఎవరికా అనుకుంటున్నారా? నేనూ అదే అనుకున్నాను. అమ్మ నా వైపే చూస్తోంది.

జులై ఒకటిన అమ్మ మెళ్లో ప్రెసిడెంట్ కాలర్ వేశారు. మొదటి మీటింగులో రెండు రూల్సు పెట్టింది. ఒకటి, శాలువాలు బంద్. రెండు, ఇచ్చే ఫొటో వద్దు. తీసుకునేవాళ్లు సరేనంటే తప్ప వాళ్ల ముఖం ఎక్కడా పడకూడదు. పాతవాళ్లు ఇద్దరు అలిగారు. ఒకాయన తిరిగొచ్చాడు. ఇంకొకాయన ఇంకా రాలేదు. వస్తాడేమో చూడాలి.

మీకు నేను చెప్పేది చాలా చిన్నది. రేపు ఎక్కడో వరదొస్తుంది. మీ వేలు ‘పాత బట్టలు ఇవ్వండి’ అని టైప్ చేయబోతుంది. ఆగండి. అక్కడున్న ఒక్క మనిషికి ఫోన్ చెయ్యండి. ఏం కావాలో అడగండి, ఏం వద్దో కూడా అడగండి. డబ్బు పంపేట్టయితే లెక్క చెప్పేవాళ్లకి పంపండి. మొదటి రోజు వెళ్లలేకపోతే సిగ్గుపడకండి, పదో రోజు వెళ్లండి. ఇక మీ ఊళ్లో రోటరీయో, లయన్సో, ఇంకేదో క్లబ్బు ఉండే ఉంటుంది. 18 నిండినవాళ్లకి రోటరాక్ట్ ఉంది, లయన్స్‌లో లియో ఉంది. ఓసారి వెళ్లి చూడండి. బోర్ కొడితే లేచి వచ్చేయండి. కానీ ఆ మూల కూర్చుని లెక్కలు రాసే ఆయనతో ఓసారి మాట్లాడకుండా మాత్రం రావద్దు.

ఇప్పుడు బులెటిన్ నేనే చేస్తున్నాను. నాలుగు పేజీలు రెండయ్యాయి. ప్రతి పనికీ నాలుగే లైన్లు. ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎంతైంది, ఎంత మిగిలింది. మొన్న ఆదివారం పొద్దున్న ఆరున్నరకి నేనే నాన్నకి పీడీఎఫ్ పంపాను.

పావుగంటకి జవాబొచ్చింది. మెచ్చుకుంటాడేమోనని ఆత్రంగా తీశాను.

‘రెండో పేజీలో నలభై రూపాయల తేడా వస్తోంది. చూడు.’

కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.